చెన్నైలో మన జానర్ సినిమా అవార్డులు: ఓటు ఎలా వేయించాలి, వసూళ్లు ఎలా లెక్కకట్టాలి

సూపర్‌హీరో సినిమా మీద వాదన మొదలైతే రెండో మాటకే కలెక్షన్ వస్తుంది. "అన్ని కోట్లు వచ్చాయి, బాగోలేదంటే ఎలా?" అని ఒకరు, "అవార్డులకు పనికొచ్చే సరుకేనా అది?" అని ఇంకొకరు. మొదటి మాట వ్యాపారం గురించి, రెండోది పనితనం గురించి. రెండింటినీ ఒకే తక్కెడలో వేసి తూచడం వల్లే ఈ తరహా సినిమాలకు తీర్పు సరిగ్గా అందడం లేదు.

చెన్నైలో ఇరవై నుంచి నలభై మంది తెలుగువాళ్లు కలిసి ఏటా సొంతంగా జానర్ సినిమాలకు, అంటే ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్, హారర్, సూపర్‌హీరో తరహావాటికి, అవార్డులు పెట్టుకోవాలనుకుంటే రెండు పుస్తకాలు పెట్టండి. ఒకటి ఓట్లకు, ఒకటి డబ్బుకు. ఓట్లు లెక్కపెట్టి, విజేతల పేర్లు రాసి, లెక్కించినవాళ్లు సంతకాలు చేశాకే డబ్బు పుస్తకం తెరవాలి. కింది పద్ధతిలో ఎక్కువ భాగం ఈ ఒక్క నియమాన్ని నిలబెట్టడం కోసమే.

ఏది జానర్, ఏది కాదు

సగం గొడవలు ఇక్కడే పుడతాయి, కాబట్టి నామినేషన్లకు ముందే తేల్చుకోవాలి. ఇంగ్లిషు విభాగాలను యథాతథంగా తెచ్చుకోనక్కర్లేదు. జానపదం, సోషియో ఫాంటసీ అనే మాటలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి, అవి చక్కగా పనిచేస్తాయి. వాటి పక్కన సైన్స్ ఫిక్షన్, హారర్, సూపర్‌హీరో పెట్టుకుంటే చాలు.

ఒక సినిమా లోపలికి వస్తుందా రాదా అనడానికి పరీక్ష ఒకటే. కథలోంచి ఆ అద్భుతాన్ని తీసేసి చూడండి. మాంత్రికుణ్ణో, కాలయంత్రాన్నో, దయ్యాన్నో తీసేశాక కథ కూలిపోతే అది జానర్ సినిమా. 'ఆదిత్య 369'లో కాలయంత్రం లేకపోతే సినిమాయే లేదు. ఒక్క సన్నివేశంలో కలలోకి దేవుడొచ్చే కుటుంబ కథలో ఆ కలను కత్తిరించినా మిగతాది నడుస్తుంది, కనుక అది బయటే. పౌరాణికాల దగ్గర మాత్రం జాగ్రత్త. పురాణాన్ని పురాణంగానే, భక్తితో చెప్పిన సినిమాను ఫాంటసీ అనడం కొందరికి నొప్పి కలిగిస్తుంది, ఆ నొప్పిలో అర్థముంది. పురాణ పాత్రను కొత్త లోకంలోకి తెచ్చిన 'కల్కి 2898 ఏడీ' లాంటివి తీసుకోండి, మిగతావి వదిలేయండి.

కామిక్ ఆధారిత సినిమాకు వేరే పరీక్ష ఉంది. ఆ పాత్ర సినిమా కంటే ముందే అచ్చులో ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. 2023 నాటి తమిళ చిత్రం 'మావీరన్'లో హీరో పేపర్లో బొమ్మల కథ గీసే కుర్రాడు. అది కథ లోపలి కామిక్ మాత్రమే, బయట అచ్చులో ఉన్న కామిక్ ఆధారంగా తీసిన సినిమా కాదు. కాబట్టి దాన్ని ఫాంటసీలో పెట్టవచ్చు, కామిక్ ఆధారిత విభాగంలో పెట్టకూడదు. 'హనుమాన్' సూపర్‌హీరో సినిమాయే గానీ అచ్చు కామిక్ నుంచి రాలేదు. 'జోకర్'లో అద్భుతమేమీ లేదు, అయినా పాత్ర కామిక్ నుంచే వచ్చింది. అంటే సూపర్‌హీరో, కామిక్ ఆధారితం అనేవి రెండు వేర్వేరు గీతలు. సినిమాలు తక్కువైన ఏడు రెండింటినీ కలిపి ఒకే విభాగం చేయండి గానీ, ఏ గీత మీద కలిపారో రాసిపెట్టండి.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇంకాస్త దగ్గరిది. 1947 జులైలో 'చందమామ' మొదలైంది ఈ ఊళ్లోనే. ఆ పత్రికను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి కలిసే విజయా సంస్థ తరఫున 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. బొమ్మల కథ, జానర్ సినిమా ఒకే చేతుల మీదుగా నడిచిన చోటు వడపళని. ఆ విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడున్న మాల్‌లోనే ఐమాక్స్ తెర ఉంది. సూపర్‌హీరో సినిమాకు టికెట్ కొనుక్కుని వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్తే బాగుంటుంది.

భాషను బట్టి విభాగాలు పెట్టకండి. అమెరికాలో జానర్ సినిమాల కోసమే ఉన్న శాటర్న్ అవార్డులను ఇచ్చే అకాడమీ 1972లో పుట్టింది. అక్కడ 2018లో 'బాహుబలి 2', 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్' గెలిచాయి. గర్వించాల్సిన సంగతే. కానీ రెండూ గెలిచింది ఉత్తమ అంతర్జాతీయ చిత్రం విభాగంలో, అంటే వేరే గదిలో. మన బ్యాలెట్‌లో ఆ వేరే గది వద్దు. మలయాళం 'లోక' ఉన్న జాబితాలోనే హాలీవుడ్ సినిమా కూడా ఉండాలి.

ఏ ఏడాది సినిమా

'హనుమాన్' థియేటర్లలోకి వచ్చింది 2024 జనవరి 12న. దానికి జాతీయ పురస్కారాలు వచ్చింది 2023 సంవత్సరపు జాబితాలో. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఒకటి, యాక్షన్ డైరెక్షన్‌కు ఒకటి. కారణం, జాతీయ అవార్డులు సెన్సార్ సర్టిఫికెట్ తేదీని చూస్తాయి, విడుదల తేదీని చూడవు. మీరు ఏదో ఒకటి ఎంచుకుని మొదటి పేజీలో రాయాలి. విడుదల తేదీయే సులువు: జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు చెన్నై థియేటర్లో గానీ ఓటీటీలో గానీ మొదటిసారి వచ్చినది. వేరే దేశంలో ముందే వచ్చి ఇక్కడికి ఆలస్యంగా చేరిన సినిమాకు ఇక్కడి తేదీయే లెక్క.

ఓటింగును డిసెంబర్ చివర్లో ముగించకండి. క్రిస్మస్‌కు వచ్చిన తెలుగు సినిమా ఓటీటీకి చేరడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. చెన్నైలో తెలుగు సినిమాకు మౌంట్ రోడ్డు వైపున్న కాసినో లాంటి థియేటర్లు ఉన్నా, రెండో వారానికి ఆటలు తగ్గిపోవచ్చు. పైగా సంక్రాంతికి సగం మంది నెల్లూరు, విజయవాడ రైళ్లలో ఉంటారు. అందుకని జనవరి 20 నుంచి 31 దాకా నామినేషన్లు, ఫిబ్రవరి అంతా చూడటానికి, చివరి మూడు రోజులు ఓటింగ్, మార్చి మొదటి ఆదివారం లెక్కింపు. సంక్రాంతి సినిమాల వేడి అప్పటికి కాస్త చల్లబడుతుంది. లేకపోతే నిన్న చూసిన సినిమా ముందు ఏప్రిల్లో చూసింది ఓడిపోతుంది.

విభాగాలు ఏడు చాలు

నలభై మంది ఉన్న బృందానికి ఇరవై విభాగాలు పెడితే సగం విభాగాల్లో ఐదారుగురే ఓటేస్తారు. ఏడు పెట్టండి: ఉత్తమ చిత్రం, కామిక్ ఆధారిత లేదా సూపర్‌హీరో చిత్రం, రచన, నటన, విజువల్ ఎఫెక్ట్స్, ఫైట్స్, డబ్బింగ్. సంగీతం కావాలని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ అవార్డు ఇవ్వడానికి వేరే వేదికలు చాలా ఉన్నాయి, ఇక్కడ వదిలేయవచ్చు.

ఫైట్స్‌కు విడిగా అవార్డు ఉండి తీరాలి. ఆస్కార్ వాళ్లు స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామని 2025లో గానీ ప్రకటించలేదు. అదీ 2027లో వచ్చే సినిమాల నుంచే. మన జాతీయ అవార్డుల్లో యాక్షన్‌కు గుర్తింపు అంతకుముందే వచ్చింది. ఫైట్ మాస్టర్లు, వాళ్ల యూనియన్ ఉన్న ఊళ్లో కూర్చుని ఈ విభాగం లేకుండా జానర్ అవార్డులు ఇవ్వడం తప్పు. ఓటేసేటప్పుడు మూడు చూడమనండి: దెబ్బ ఎవరు ఎవరికి కొట్టారో అర్థమవుతోందా, ఆ చోటును వాడుకున్నారా, ఫైట్ అయ్యేసరికి కథలో ఏదైనా మారిందా.

డబ్బింగ్ విభాగం కూడా అలాంటిదే. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతి ఉండేది. మనలో చాలామంది హాలీవుడ్ సూపర్‌హీరోలను మొదట విన్నది తెలుగు గొంతుల్లోనే. చెన్నైలో ఒక చిక్కుంది. ఇక్కడి థియేటర్లలో హాలీవుడ్ సినిమా ఎక్కువగా ఇంగ్లిషులో, తమిళంలో ఆడుతుంది. తెలుగు డబ్బింగ్ వినాలంటే సాధారణంగా ఓటీటీ దాకా ఆగాలి. అందుకే ఈ విభాగానికి ఫిబ్రవరి అంతా గడువు అవసరం. నటన విభాగంలో మాత్రం మాతృక భాషలో చూసినవాళ్లే ఓటేయాలి. వేరొకరి గొంతు విని నటుడికి మార్కులేయడం ఇద్దరికీ అన్యాయం.

నటన గురించి ఇంకో మాట. జోకర్ పాత్ర ఒక్కదానికే ఇద్దరికి ఆస్కార్లు వచ్చాయి: 2008 సినిమాకు హీత్ లెడ్జర్, 2019 సినిమాకు వాకీన్ ఫీనిక్స్. ఇద్దరూ అర్హులే. కానీ విలన్ వేషంలో కళ్లు, నోరు, పిచ్చి అన్నీ కెమెరాకు కనిపిస్తాయి. ముసుగేసుకున్న హీరో నడకతో, మెడ తిప్పడంతో, గొంతుతో నటించాలి. అది ఎవరి కంటికీ తొందరగా ఆనదు. బ్యాలెట్ పైన "ముసుగులో ఉన్న సన్నివేశాలు కూడా గుర్తు తెచ్చుకోండి" అని ఒక వాక్యం రాయండి. దీనివల్ల నామినేషన్ల జాబితా మారుతుంది.

విజువల్ ఎఫెక్ట్స్‌కు ఖర్చును చూసి ఓటేయకూడదు. పాదం నేలను తాకిన చోట నీడ ఉందా? పెద్ద జీవి దూకితే దుమ్ము, నీళ్లు, చుట్టూ ఉన్న మనుషులు ఆ బరువుకు స్పందిస్తున్నారా? షూటింగ్‌లో వెనక కట్టిన ఆకుపచ్చ తెర మెరుపు జుట్టు అంచుల్లో మిగిలిందా? వెనక దృశ్యంలో ఎండ ఎడమ నుంచి వస్తుంటే ముఖం మీద కూడా ఎడమ నుంచే వస్తోందా? ఈ నాలుగింటికీ అవునో కాదో రాసుకుంటే సినిమా బడ్జెట్ పక్కకు తప్పుకుంటుంది. ఈ విభాగంలో ఓటేసేవాళ్లు థియేటర్లో చూశారా, టీవీలోనా, ఫోన్లోనా అని టిక్ పెట్టించండి. ఫోన్లో చూసినవాళ్ల ఓటు ఈ ఒక్క విభాగంలో లెక్కించకండి. ఆరంగుళాల తెర మీద అన్ని ఎఫెక్ట్సూ బాగానే కనిపిస్తాయి.

కామిక్ ఆధారిత విభాగానికి ఒక షరతు చేర్చండి. గెలిచిన సినిమా ప్రశంసాపత్రం మీద దర్శకుడి పేరుతో పాటు ఆ పాత్రను సృష్టించిన రచయిత, చిత్రకారుడి పేర్లు ఉండాలి. 1938లో జెర్రీ సీగల్, జో షుస్టర్ సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు ఇచ్చేశారు. తెర మీద, పుస్తకాల మీద వాళ్ల పేర్లు మళ్లీ రావడానికి, చిన్న పింఛను దక్కడానికి 1975 దాకా పట్టింది. బ్యాట్‌మాన్‌కు బిల్ ఫింగర్ చేసిన పనికి అధికారికంగా పేరు వేయడం మొదలైంది 2015లో. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. వందల కోట్ల వ్యాపారం కింద పునాదిగా ఉన్న మనుషులు వీళ్లు. మన కాగితం మీద రెండు పేర్లు రాయడానికి ఖర్చేమీ లేదు. చివరి టైటిల్స్ పూర్తయ్యేదాకా కూర్చుంటే పేర్లు దొరుకుతాయి, అక్షరాలు తప్పు లేకుండా రాసుకోండి.

నామినేషన్లలో మోసపోకుండా

ఒక్కొక్కరు విభాగానికి ఐదు పేర్ల దాకా రాయవచ్చు, తుది జాబితాలో ఆరు. ఈ ఐదు, ఆరు అనే అంకెలు ప్రపంచ సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఇచ్చే హ్యూగో అవార్డుల నుంచి తీసుకున్నవి. వాళ్లు దెబ్బ తిని నేర్చుకున్న పాఠం దీని వెనక ఉంది.

మీ బృందంలో 36 మంది ఉన్నారనుకోండి. పది మంది ఒకే హీరో అభిమానులు, మాట్లాడుకుని ఒకే ఐదు పేర్లు రాశారు. మిగతా 26 మంది నిజాయితీగా తమకు నచ్చినవి రాశారు, పేర్లు పాతిక సినిమాల మీదకు చెదిరిపోయాయి, దేనికీ ఏడు ఓట్లు మించలేదు. మామూలు లెక్కలో ఆ పది మంది ఆరింట్లో ఐదు స్థానాలు పట్టుకుపోతారు. 2015లో హ్యూగోల్లో ఇదే జరిగింది. ముందే కుదుర్చుకున్న జాబితాలు నామినేషన్లను ముంచెత్తాయి. తుది ఓటింగులో జనం ఐదు విభాగాల్లో "ఎవరికీ వద్దు" అని తీర్పిచ్చారు. ఆ తర్వాత నామినేషన్ల లెక్కింపునే మార్చి, 2017 నుంచి కొత్త పద్ధతి అమలు చేశారు.

కొత్త పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతి మనిషికీ ఒక పాయింటే. ఐదు పేర్లు రాస్తే ఒక్కోదానికి 0.2. అన్నింటినీ కూడి, పాయింట్లలో అట్టడుగున ఉన్న రెండు సినిమాలు తీసుకోండి. వాటిలో తక్కువ మంది రాసిన దాన్ని కొట్టేయండి. కొట్టేసిన పేరు ఎవరి చీటీలో ఉందో వాళ్ల పాయింటును మిగిలిన పేర్లకు మళ్లీ పంచండి. అలా ఆరు మిగిలేదాకా. చెదిరిన 26 మంది పేర్లు ఒక్కొక్కటే రాలిపోతుంటే వాళ్ల పాయింటు మిగిలిన ఒకటి రెండు సినిమాల మీద గట్టిపడుతుంది. కూడబలుక్కున్న పది మంది బలం మాత్రం ఐదు ముక్కలుగానే ఉంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో గంట పని. బృందం పదిహేను మందికి లోపు ఉంటే ఇదంతా అక్కర్లేదు, ఎక్కువ మంది రాసిన ఆరూ తీసుకోండి.

తుది జాబితాకు ఇంకో గడప ఉండాలి: సభ్యుల్లో కనీసం మూడో వంతు మంది చూసిన సినిమా అయి ఉండాలి. లేకపోతే ఫిబ్రవరిలో దాన్ని చూపించే ఏర్పాటు చేయాలి. ఇంట్లో నలుగురు స్నేహితులతో ఓటీటీలో చూడటం వేరు, అపార్ట్‌మెంట్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి అందరికీ వేయడం వేరు. రెండోదానికి హక్కుదారుల అనుమతి కావాలి.

ర్యాంకుల ఓటు

2008 నాటి 'ది డార్క్ నైట్' వసూళ్లు వంద కోట్ల డాలర్లు దాటాయి, అది ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుంది, ఉత్తమ చిత్రం జాబితాలో మాత్రం లేదు. 2009లో ఆస్కార్ అకాడమీ ఆ జాబితాను ఐదు నుంచి పదికి పెంచి, ఉత్తమ చిత్రానికి ర్యాంకుల ఓటు తెచ్చింది. సూపర్‌హీరో సినిమా ఆ జాబితాకు తొలిసారి చేరింది 2018 నాటి 'బ్లాక్ పాంథర్'తో. ర్యాంకుల పద్ధతి విలువ తెలియాలంటే లెక్క చూడాలి.

ముప్పై ఓట్లు, మూడు సినిమాలు అనుకుందాం: అ, ఇ, ఉ. మొదటి ర్యాంకులు అ-కు 12, ఇ-కి 10, ఉ-కు 8. మామూలు పద్ధతిలో అ గెలిచినట్టే, ముప్పైలో 18 మంది దాన్ని మొదట పెట్టకపోయినా. ర్యాంకుల్లో గెలవాలంటే 16 కావాలి, ఎవరికీ లేవు. ఆఖరున ఉన్న ఉ-ను తీసేసి, ఆ ఎనిమిది చీటీల్లో రెండో ర్యాంకు చూస్తాం. ఏడు ఇ-కి, ఒకటి అ-కు. ఇప్పుడు అ 13, ఇ 17. గెలిచింది ఇ. పన్నెండు మంది ప్రాణం పెట్టే సినిమా కంటే పదిహేడు మంది మెచ్చే సినిమా అవార్డుకు తగినదని ఈ పద్ధతి అంటుంది. అభిమాన సంఘాలు బలంగా ఉన్న మన దగ్గర ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

ఆన్‌లైన్ ఫారమ్‌లో పెట్టేటప్పుడు గడుల పట్టిక ప్రశ్న ఎంచుకోండి: అడ్డంగా ర్యాంకులు, నిలువుగా సినిమాలు. నిలువు వరుసకు ఒకే జవాబు అనే సెట్టింగ్ తప్పకుండా పెట్టాలి, లేకపోతే రెండు సినిమాలకూ ఒకటో ర్యాంకు ఇచ్చేస్తారు. ప్రతి వరుసకూ జవాబు తప్పనిసరి అనే సెట్టింగ్ మాత్రం తీసేయండి. చూడని సినిమాకు ర్యాంకు ఇవ్వకుండా వదిలేసే హక్కు ఉండాలి. వరుసల క్రమం ఒక్కొక్కరికి మారేలా పెట్టండి, పైనున్న పేరుకు ఊరికే ఓట్లు పడతాయి. ఫోన్లో ఐదారు నిలువు వరుసల తర్వాతివి తెర బయటికి పోతాయి, పక్కకు జరపాలని చాలామందికి తెలియదు. తుది జాబితా ఆరు దాటకూడదనడానికి ఇదీ ఒక కారణం.

లెక్కింపుకు ఫార్ములాలు రాయబోకండి. జవాబులను చీటీలుగా ప్రింట్ తీసి బల్ల మీద కుప్పలు పోయండి. మొదటి ర్యాంకు ప్రకారం కుప్పలు, చిన్న కుప్పను ఎత్తి తర్వాతి ర్యాంకు ప్రకారం పంచడం. ముప్పై చీటీలకు పది నిమిషాలు. అందరి కళ్ల ముందు జరుగుతుంది కాబట్టి తర్వాత అనుమానాలుండవు. ర్యాంకులు అయిపోయిన చీటీని పక్కన పెట్టి, మిగిలిన చీటీల్లో సగానికి పైన వచ్చిందా అని చూడాలి. ఆఖరు స్థానంలో ఇద్దరు సమానమైతే మొదటి ర్యాంకులు తక్కువున్నది పోతుంది. అవీ సమానమైతే చీటీ తీయండి. ఈ నియమాన్ని ముందే రాసిపెట్టుకోవాలి, ఆ క్షణంలో కనిపెట్టకూడదు.

జాబితాలో "ఎవరికీ వద్దు" అనే వరుస తప్పనిసరి. విజేత తేలాక ఒకసారి చూడండి: విజేతను "ఎవరికీ వద్దు" కంటే పైన పెట్టినవాళ్లు ఎక్కువా, కింద పెట్టినవాళ్లు ఎక్కువా? కింద పెట్టినవాళ్లు ఎక్కువైతే ఆ ఏడు ఆ అవార్డు లేదు. బలమైన సినిమా లేని ఏట ఖాళీగా వదలడం మిగతా ఏళ్ల అవార్డులకు విలువ తెస్తుంది. జాబితాలోని సినిమాలన్నీ చూసినవాళ్లే ఓటేయాలన్న నియమం ఆస్కార్ వాళ్లే 2025లో తెచ్చారు. చిన్న బృందానికి అది కష్టం. ఆరింట్లో నాలుగు చూసి ఉండాలనడం ఆచరణకు నిలుస్తుంది.

ఇప్పుడు డబ్బు పుస్తకం

పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే ప్రేక్షకుడు కట్టిన టికెట్ డబ్బంతా. పన్ను తీసేస్తే నెట్. నెట్‌లో థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది షేర్. ఈ మూడింటికీ మూడు గడులు వేయండి. ఒక వెబ్‌సైట్ గ్రాస్‌ను ఇంకో వెబ్‌సైట్ నెట్‌తో పోల్చడమే ఎక్కువ తగాదాలకు మూలం.

చెన్నై టికెట్‌తోనే చూద్దాం. తమిళనాడు ప్రభుత్వం 2017 అక్టోబరులో మల్టీప్లెక్స్ ఏసీ టికెట్ అసలు ధరకు 150 రూపాయల పరిమితి పెట్టింది, పన్నులు అదనం. 150 మీద 18 శాతం జీఎస్టీ 27, మొత్తం 177. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్‌కు 5 శాతం, ఆపైన 18 శాతం. ఇక్కడ దీనిపైన స్థానిక సంస్థల వినోదపు పన్ను కూడా పడుతుంది, సినిమా భాషను బట్టి దాని శాతం మారుతుంది. ఆన్‌లైన్లో కట్టే బుకింగ్ రుసుము వసూళ్లలోకి రాదు. మీ జేబులోంచి పోయిన మొత్తాన్ని హౌస్‌ఫుల్ సీట్లతో గుణిస్తే లెక్క తప్పేది అందుకే. 150 నెట్‌లో మొదటి వారం సగం డిస్ట్రిబ్యూటర్‌కు అనుకుంటే 75. హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ 2009లో కుదిరిన ఒప్పందంలో ఆ వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. వారాలు గడిచేకొద్దీ ప్రతి టికెట్‌లో డిస్ట్రిబ్యూటర్ భాగం తగ్గుతుంది కాబట్టే ఓపెనింగ్ కోసం అంత తాపత్రయం.

టికెట్ ధర వల్ల ఇంకో పొరపాటు జరుగుతుంది. చెన్నైలో వెయ్యి మంది 150 చొప్పున చూస్తే నెట్ లక్షా యాభై వేలు. టికెట్ 400 ఉన్న చోట 375 మంది చూసినా అంతే. బెంగళూరుతో సహా కర్ణాటక అంతటా 200 రూపాయల పరిమితి తెస్తూ 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టు ఆ నెలలోనే నిలిపివేసింది. రెండు ఊళ్ల వసూళ్లను పక్కపక్కన పెట్టి ఎక్కడ ఎక్కువ ఆదరణ అనడం తప్పు. వీలైతే మనుషుల సంఖ్యకు ఒక గడి వేయండి.

హిట్టా ఫ్లాపా అనేది ఎవరికి అని అడగాలి. ఊహాత్మకంగా ఒక సూపర్‌హీరో సినిమా తీసుకోండి. బడ్జెట్ 70 కోట్లు. థియేటర్ హక్కులు నైజాం, సీడెడ్, ఆంధ్ర, కర్ణాటక, ఓవర్సీస్ అంతా కలిపి 60 కోట్లకు అమ్మారు. డిజిటల్, శాటిలైట్, ఆడియో హక్కులు 35 కోట్లు. ప్రపంచవ్యాప్తంగా గ్రాస్ 95 కోట్లు, షేర్ 48. పోస్టర్ 95 అని వేస్తుంది. కొన్న డిస్ట్రిబ్యూటర్లకు 12 కోట్లు నష్టం. నిర్మాతకు 25 కోట్లు లాభం. ముగ్గురూ నిజమే చెప్తున్నారు. బ్రేక్ ఈవెన్ అంటే షేర్‌ను థియేటర్ హక్కుల ధరతో పోల్చడం, బడ్జెట్‌తో కాదు. హక్కులు అవుట్‌రైట్‌గా, అంటే లాభనష్టాలు తమవేనని, కొన్నారా, అడ్వాన్స్ మీద ఆడించారా అన్నది తెలిస్తే అదీ రాయండి. అడ్వాన్స్ అయితే నష్టం నిర్మాత దాకా వెనక్కి వస్తుంది.

హాలీవుడ్ లెక్కకు ముందు అంకెలు సరిచేసుకోండి. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. బడ్జెట్‌కు రెండున్నర రెట్లు వస్తే గట్టెక్కినట్టే అని ఒక వాడుక ఉంది. దాన్ని విప్పి చూడండి. 20 కోట్ల డాలర్ల సినిమాకు 50 కోట్లు వచ్చాయి: అమెరికాలో 20, చైనాలో 8, మిగతా చోట్ల 22. స్టూడియోకు అమెరికాలో సుమారు సగం, అంటే 10. మిగతా దేశాల్లో సుమారు 40 శాతం, 8.8. చైనాలో పావు వంతు, 2. మొత్తం 20.8. బడ్జెట్ వచ్చింది గానీ, ప్రచారానికి పెట్టిన కోట్లు రాలేదు. అవి ఓటీటీ, టీవీ, బొమ్మల అమ్మకాల నుంచి రావాలి. రెండున్నర రెట్ల సూత్రం ఆ రాబడిని మనసులో పెట్టుకుని చెప్పేది. చైనా వసూళ్లు పెద్దవైన సినిమాకు ఆ సూత్రం పనిచేయదు.

బడ్జెట్ ఎంత ముఖ్యమో రెండు 'జోకర్' సినిమాలు చూపిస్తాయి. 2019 నాటిది ఏడు కోట్ల డాలర్ల లోపు ఖర్చుతో వంద కోట్లు దాటింది, వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది, 11 ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుంది. 2024 నాటిదానికి సుమారు 20 కోట్లు ఖర్చయింది, వచ్చిందీ సుమారు అంతే. ఆ వసూళ్లు తక్కువ ఖర్చుతో తీసిన సినిమాకు వచ్చి ఉంటే ఎవరూ ఫ్లాప్ అనేవారు కాదు. సినిమా నచ్చకపోవడం వేరు, బడ్జెట్ తప్పడం వేరు. ఇది రెండోది కూడా.

జనానికి నచ్చిందో లేదో తెలిపే అంకె ఒకటుంది: మొత్తం వసూలును మొదటి వారాంతంతో భాగించడం. 2002లో 'స్పైడర్‌మ్యాన్' అమెరికాలో మొదటి వారాంతం 11.48 కోట్ల డాలర్లు, మొత్తం 40.37 కోట్లు. భాగిస్తే 3.5. 2023లో 'ది మార్వెల్స్' 4.61 కోట్లతో మొదలై 8.45 దగ్గర ఆగింది. అది 1.8. మొదటి వారాంతం పేరును, ప్రచారాన్ని చెబుతుంది, ఆ తర్వాతిది నోటి మాటను చెబుతుంది. సంక్రాంతి సినిమాలకు ఈ లెక్క వేసేటప్పుడు పండగ సెలవులన్నీ కలిపి మొదటి భాగంగా తీసుకోండి, లేకపోతే అన్ని సినిమాలకూ అంకె పెరిగిపోతుంది.

కామిక్ సినిమాలకు చివరి గడి హక్కులది: పాత్ర ఎవరిది, సినిమా తీసే హక్కు ఎవరి దగ్గరుంది. కామిక్ పుస్తకాల సంస్థ మార్వెల్ 1996 చివర్లో దివాలా పిటిషన్ వేసింది. ఎక్స్‌మెన్ సినిమా హక్కులు అంతకుముందే ఫాక్స్‌కు, స్పైడర్‌మ్యాన్‌వి ఆ తర్వాత సోనీకి పోయాయి. సొంతంగా తీయాలని 2005లో మెరిల్ లించ్ నుంచి 52.5 కోట్ల డాలర్ల రుణ సదుపాయం తెచ్చుకుంది. చేతిలో మిగిలిన పాత్రలతో 2008లో 'ఐరన్ మ్యాన్' తీసింది. మరుసటి ఏడాది డిస్నీ ఆ సంస్థను సుమారు 400 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఫలానా హీరో ఫలానా సినిమాలో ఎందుకు లేడు అనే ప్రశ్నలకు జవాబు చాలాసార్లు ఈ గడిలోనే దొరుకుతుంది, కథలో కాదు.

డబ్బు పుస్తకంలో ప్రతి అంకె పక్కన అది ఏ రోజు రాసిందో తేదీ వేయండి. నిర్మాత చెప్పినదా, ట్రేడ్ అంచనానా అన్నదీ రాయండి. రెండింటికీ తేడా వస్తే సగటు తీయకుండా రెండూ ఉంచండి. తొంభై రోజులకు ఒకసారి తిరిగి చూసి, మారినదాన్ని కొట్టేయకుండా పక్కన కొత్తది రాయండి. లెక్కింపు అయ్యాక బ్యాలెట్ చీటీలను కవర్లో పెట్టి అంటించి, డబ్బు పుస్తకంతో పాటు కాకుండా వేరే సభ్యుడి దగ్గర ఉంచండి.